సీసాలో రంగు పోయిన నత్త

ఎమ్మెస్సీ జువాలజీ చివరి ఏడు. తొంభైల ఆఖరి మాట. యారాడ తీరంలో దొరికే జీవుల మీద నేనూ నా స్నేహితురాలూ కలిసి ప్రాజెక్టు రాస్తున్నాం. సోమవారానికి ఇవ్వకపోతే ఆ ఏడాది పరీక్షకు కూర్చోనివ్వరు. అన్నీ అయ్యాయి, ఒక్క నత్త తప్ప.

పెంకు లేని సముద్రపు నత్త అది. బొటనవేలంత ఉంటుంది, సోకు మాత్రం పెళ్లికూతురంత. కెరటం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మడుగులో కనబడగానే ఇద్దరం కేకలు పెట్టి, సీసాలో వేసి, కుళ్లిపోకుండా ఫార్మలిన్ పోసి, ఏదో సాధించేసినట్టు బస్సెక్కేశాం. చీటీ మీద తేదీ, చోటు, మా ఇద్దరి పేర్లు వివరంగా రాశాం. రంగు రాయలేదు. సీసాలోనే ఉందిగా, ఎక్కడికి పోతుంది అనుకున్నాం.

పోయింది. వారం తిరిగేసరికి ఉడికిన గుడ్డు తెల్లసొనలా తేలుతోంది. ఈ నత్తల్ని పోల్చుకుని పేరు తేల్చడానికి మొదట చూడాల్సింది రంగే. లైబ్రరీ పుస్తకం బయటికివ్వరని రంగుల బొమ్మలన్నీ జిరాక్స్ తీయించుకున్నాం. అందులో ప్రతి నత్తా బూడిద రంగే.

“నీలం ఒంటి మీద పసుపు చారలు,” అన్నాను.

“పసుపు ఒంటి మీద నీలం చారలు,” అంది స్నేహితురాలు.

తగ్గే గుణం నాకు లేదు, ఆవిడగారికి అసలే లేదు. రెండు రోజులు మాటల్లేవు. శనివారం ఒకే బస్సులో వేరువేరు సీట్లలో కూర్చుని మళ్లీ యారాడ వెళ్లాం. నత్త దొరికిన రోజు మా పక్కనే రాళ్ల మీద ఆలిచిప్పలు కొట్టుకుంటున్న జాలరి ఆవిడ ఇవాళా అక్కడే ఉంది. పరుగున వెళ్లి తీర్పు అడిగాను.

“పిన్నీ, మేం పట్టుకెళ్లిన నత్త నీలమా, పసుపా? నువ్వే చెప్పు.”

ఆవిడ చేతిలో పని ఆపలేదు. “సచ్చినాక రంగు అడుగుతారేటమ్మా? బతికున్నప్పుడు సూసుకోవాల. ఆయేల మీరు సీసాకేసి సూసేరు గానీ దాన్ని సూసేరేటి?”

నిజంగా సిగ్గేసింది. ఇన్నేళ్లు జంతుశాస్త్రం చదివి, బతికున్న ఒక్క ప్రాణిని ఐదు నిమిషాలు తిన్నగా చూడలేదు.

“అల్లదిగో, ఆ రాయి కింద ఇంకోటుంది. అదీ ఇదీ ఒకటే రకం,” అని గడ్డంతో చూపించింది.

చుడీదార్లు తడుస్తున్నా మడుగు పక్కన చతికిలబడ్డాం. తెల్లటి ఒళ్లు. నిండా పసుపు చుక్కలు. వీపు మీద ఊదారంగు వలయాలు రెండు. చారలా, ఒక్కటీ లేదు! జిరాక్స్ కాగితం తీస్తే మూడో వరుసలో, బూడిదరంగులోనే, ఆ రెండు వలయాలూ స్పష్టంగా ఉన్నాయి. పేరు దొరికింది, పరీక్ష దక్కింది.

అలవాటుగా నా చెయ్యి సంచీలోని ఖాళీ సీసా మూత మీదికి పోయింది. స్నేహితురాలు గబుక్కున చెయ్యి పట్టుకుంది.

“ఉండవే,” అంది, రెండు రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడుతూ. “ఇంకాసేపు చూద్దాం.”