అవ్వ చేతికి నేను పెట్టిన పరీక్షలు

ఆ రోజుల్లో నా మాటకు మా ఇంట్లో ఎవరూ తలెత్తి చూసేవారు కాదు గానీ, తనకల్లు చుట్టుపక్కల పల్లెల్లో నేను చెయ్యెత్తమంటే పెద్దపెద్దవాళ్ళు ఎత్తేవారు. (ఎత్తలేని వాళ్ళ దగ్గరికే నన్ను పంపేవారనుకోండి.) పక్షవాతం వచ్చినవాళ్ళ ఇళ్ళకు వారానికోసారి వెళ్ళి, గుండీ పెట్టుకోగలరా, చెంబు ఎత్తగలరా, తల దువ్వుకోగలరా అని చూసి మార్కులు వేయడం ఆసుపత్రి తరఫున నా మొదటి ఉద్యోగం. చెయ్యి బాగుపడితే ఇక ఆ ఇంటికి వెళ్ళకూడదు. అందుకోసం కదిరిలో తీసుకున్న అద్దె గదిలో నా మాటలు వినేది ఒక్క బల్లి. అదీ మధ్యలోనే లేచిపోయేది.

ఒక అవ్వకు కుడిచెయ్యి పడిపోయింది. ఆ ఇంటి నిండా కోడళ్ళు, మనవళ్ళు, మేకలు. గడప తొక్కగానే ఎవరో ఒకరు "తిన్యావా అప్పా?" అనేవారు. నా ఖర్మకొద్దీ అవ్వ చెయ్యి తొందరగా బాగుపడింది. చెంబెత్తింది, కొప్పు కూడా ముడిచింది. నేను మార్కుల కాగితం మడిచేసి, "ఇంకా పరీక్షలు ఉండాయవ్వా, బెంగళూరులో కొత్తగా కనిపెట్టినారు" అన్నాను. ఒక వారం చెనక్కాయలు ఒలిచే పరీక్ష. ఇంకో వారం మేకపిల్లను పట్టే పరీక్ష. తర్వాత సంగటి గెలికే పరీక్ష. తిని చూస్తేగానీ మార్కులు పడవన్నాను. "ఊరిబిండి నంజుకోకుండా మార్కులెట్ల ఏస్తావురా?" అంది అవ్వ.

ఒకరోజు మా పెద్దసారు ఆ ఇంటిముందే జీపు దిగాడు. "ఈ ఒక్క కేసు ఎందుకు ముగియడం లేదయ్యా?" అన్నాడు. మేకను అదిలించడానికి కుడిచేత్తో చీపురెత్తిన అవ్వ, నా మొహం చూసి ఆ చేతిని ఒళ్ళోకి జారవిడిచింది. సారు నీళ్ళచెంబు అందించాడు. అవ్వ దాన్ని గురిచూసి ఆయన బూట్లమీదే వదిలేసింది.

"అయ్యో సామీ! ఈయప్ప వస్తాండబట్టి ఈ మాత్రమన్నా పట్టుకుంటాండా!"

మనవళ్ళు నోళ్ళు మూసుకుని గోడచాటుకు పరుగెత్తారు. "ఇంకొన్నాళ్ళు చూడు" అని సారు తడిబూట్లతో వెళ్ళిపోయాడు. జీపు మలుపు తిరగ్గానే అవ్వ అదే చేత్తో నా నెత్తిన మొట్టింది.

"ఏమిరా, మాట్లాడేదానికి మనిషి లేక వస్తాండానని చెప్తే కాళ్ళిరగ్గొడతామా? నా చేతిమీద పెట్టి ఇన్ని అబద్ధాలా? పరీక్షలూ వద్దు, ఏం వద్దు. ఊరికే రా."

ఊరికే వెళ్ళడం మాత్రం నాకు ఈ వయసుకూ చేతకాలేదు. ఎవరి తలుపు తట్టాలన్నా ఒక సాకు కావాలి. నిన్న సాయంత్రం గిన్నె పట్టుకుని పక్కింటికి ఉప్పు అడగడానికి వెళ్ళాను. (మా ఇంట్లో ఉప్పుకు కొదవేం లేదు.) మంచివాళ్ళు, గిన్నె నిండా పోసి తలుపేసుకున్నారు. చిటికెడే అడిగి ఉంటే ఈ రోజూ వెళ్ళేవాణ్ణి కదా!