పిట్టల కోసం చెక్కిన ఒడి

మా గోడ అవతలి అన్న పోయాడు. బత్తలపల్లె బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పిన డ్రాయింగు అయ్యవారు. నాకు చుట్టం కాదు. పదిహేనేళ్లు పక్కపక్క ఇళ్లలో ఉండి అన్న అయ్యాడు. రేడియో ఎంత చెప్పినా రాని వాన, మూడేళ్లుగా ముఖం చాటేసిన వాన, ఆయన్ను మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రమే దంచికొట్టింది. ఏం వానో! ఈ గొడవంతా దానివల్లే.

డెబ్బైల్లో ఆయన ఇంటి వెనక రాళ్ల నేల కొన్నాడు. మనిషన్నవాడు మల్లెలు పెడతాడు. ఈయన తంగేడు, బలుసు, కలేపొదలు పెంచాడు. ఉన్న రాతిగుండ్లను ఉన్నచోటే చెక్కాడు. ఒకటి పడుకున్న ఎద్దు. ఇంకొకటి ఒడి పరిచి కూర్చున్న ఆడమనిషి. ఒడి గిన్నెలా లోతుగా ఉంటుంది. ముఖం మాత్రం లేదు.

"ముఖం యాడన్నా?" అని అడిగాను.

"ముఖం పెడితే మనోళ్లు ఊరుకుంటారామ్మా? పసుపు పూసి టెంకాయ కొడతారు. ఇది పిట్టలు నీళ్లు తాగేదానికి. అట్లే ఉండనీ" అన్నాడు.

కరువులో బోరింగు దగ్గర మేం జుట్టూ జుట్టూ పట్టుకుంటుంటే, ఈయన తనకు దొరికిన బిందెలోంచి ముందు ఆ ఒడి నింపేవాడు. నాకు ఒళ్లు మండేది. "మనుషులకే గతి ల్యాకుంటే పిట్టలకేందన్నా?" అని అరిచాను.

"పిట్టలు బోరింగు కొట్టుకోలేవు గదమ్మా" అని నవ్వాడు.

వాన లేని ఏడు కూడా తంగేడు పూస్తే నన్ను గోడ దగ్గరికి పిలిచి మరీ చూపించేవాడు. ఈ ఊరి మీద నాకు అసహ్యం పుట్టకుండా కాపాడింది ఆ పసుపచ్చ పూతే.

మంచాన పడ్డాక రోజూ ఒకటే అడిగేవాడు: "ఒడిలో నీళ్లుండాయా?" తను పోయినాక పోస్తావా అని అడగలేదు. పోస్తానని నేనే మాటిచ్చాను.

పోస్తున్నాను. ఏం లాభం? వాన పడ్డ మర్నాడే, అయ్యవారు చెక్కిన అమ్మ కరుణించిందని జనం ఎగబడ్డారు. ముఖం లేకపోతే మనవాళ్లు ఆగుతారా! పసుపు ముద్ద మెత్తి, దానికి వెండి కళ్లు అతికించారు. పందిరి వేయాలని తంగేడు నరికారు, బలుసు పీకారు. అడ్డం పోతే, "అమ్మవారుండేచోట కంపలేందక్కా? ముందు చెప్పులు ఇడువు" అని నా మీదికే వచ్చారు.

అన్న భార్య, మా వదినతోనైనా చెప్పుకుందామని పోయాను. "పోనీలేమ్మా. రాయి అనుకుంటే ఎవురో ఒగరు పునాదికి పగలగొట్టుకోని పోతారు. అమ్మవారనుకుంటే జోలికి రారు గదా" అంది. నిజమే. నా కడుపుమంటంతా అది నిజమైనందుకే.

తెల్లారగానే చెంబెడు నీళ్లు పోస్తాను. నేను ఇంట్లోకి వచ్చేలోగా తీర్థమని దోసిళ్లతో తాగేస్తారు, మిగిలింది నెత్తిన చల్లుకుంటారు. తర్వాత పికిలిపిట్ట వస్తుంది. పొదలు లేవు కదా, ఆ వెండి కళ్ల పైనే, నెత్తిమీద వాలుతుంది. ఒడిలోకి తొంగి చూస్తుంది. అడుగున తడి కుంకుమ.