అరవై మూడు రేడియోలు

మొన్న గురువారం ఉదయం ఏడూ ఇరవైకి మా వీధిలోకి మునిసిపాలిటీ బండి వచ్చింది. ఇళ్లలో మూలపడ్డ టీవీలు, మిక్సీలు, ఫోన్లు ఇచ్చేయమనీ, ఇకనుంచి చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఇలాగే పోగుచేస్తామనీ మైకులో చెప్పారు. ఇదేదో కొత్త సంగతన్నట్టు అందరూ గేట్ల దగ్గర నిలబడి విన్నారు. నాకు తెలిసి మా నరసరావుపేటలో ఈ పని 1986 ఆగస్టు మూడు, ఆదివారం, ఉదయం పదింబావుకి మొదలైంది. ఆ రోజు నా రేడియోలో బల్లి గుడ్లు దొరికాయి.

వాటిని కనిపెట్టింది మా వీధి చివర రేడియోలు బాగుచేసే సాయిబుగారు. వీధంతా ఆయన్ని రేడియో బాబాయి అనేది. నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచర్ని, ఆయన పని చూస్తూ కూర్చోవడం నాకు సరదా. గుడ్లను అగ్గిపెట్టెలో దూది మీద పెట్టి కిటికీలో ఉంచారు. తరవాత అటక మీంచి ఎవరిదో చెడిపోయిన రేడియో దించి, అందులోంచి చిన్న ముక్క ఊడదీసి నా దాంట్లో అతికారు. ఆపైన ఒక చీటీ రాసి, ఆ చెడిపోయిన దాంట్లోనే పెట్టి మూత బిగించారు. ఆ చీటీ ఏమిటని అడిగాను. "ఇందులోది మీ ఇంటికి బోయిందని. రేపు ఈళ్లొచ్చి మాది మాకియ్యమంటే చెప్పొద్దా?" అన్నారు. ఇచ్చినవాళ్లు మరిచిపోయేదాకా వస్తువు వాళ్లదేనట. మరిచిపోయారని మనకెలా తెలుస్తుందంటే, "అదే నాకూ తెలవదు టీచరమ్మా" అని నవ్వారు.

అప్పుడప్పుడే ఇళ్లలోకి టీవీలు వస్తున్నాయి. పాత రేడియోలు బీరువాల మీదికి ఎక్కుతున్నాయి. వాటిని అడిగి పోగుచేస్తే బాగుచేతకి ముక్కలు దొరుకుతాయని బాబాయి అన్నారు. పేట ఒక్కటే ఎందుకు, సత్తెనపల్లి, గురజాల కూడా కలుపుదామని నేనే అన్నాను. "పాడైన రేడియో ఇవ్వండి. ఎప్పుడడిగినా తిరిగి ఇస్తాం" అని నా చేత్తోనే కాగితాలు రాశాను. ఆ రెండో వాక్యం చూసే జనం ఇచ్చారు. గురజాల బస్టాండులో బాబాయి బావమరిది టీకొట్టు దగ్గర పోగై, గోనెసంచుల్లో బస్సు టాపు మీద వచ్చేవి. ప్రతి పెట్టె లోపలా ఏముందో చూడాలని నాకు ఒకటే ఆత్రం. కందిరీగల మట్టిగూడు, పిడికెడు మిరప గింజలు, ఒకరి తాయెత్తు, ఒక ఇంటివాళ్లు మూడేళ్లుగా వెతుకుతున్న రేషన్ కార్డు. దసరా నాటికి పెట్టెలు అరవై మూడయ్యాయి, ఒక్కోదాంట్లో అది ఎవరిదో బాబాయి రాసిన చీటీ.

ఆ సెలవుల్లో బాబాయి మాచర్లలోనూ ఒక చోటు కుదర్చడానికి నాలుగు రోజులు వెళ్లారు. కొంచెం దుమ్ము దులపమని తాళంచెవి నాకిచ్చారు. నేను దుమ్ముతో ఆగలేదు. అరవై మూడూ విప్పాను. స్పీకర్లన్నీ ఒక డబ్బాలో, గుండీలన్నీ ఒక డబ్బాలో, స్టేషన్లు మార్చే గ్యాంగులన్నీ ఒక డబ్బాలో సర్ది, ఏవి ఎన్నో పైన అట్టముక్కల మీద రాశాను. ఇక చీటీలతో పనేముందని పొయ్యిలో వేశాను.

తిరిగొచ్చిన బాబాయి గడప దగ్గరే ఆగిపోయారు.

"ఏంది టీచరమ్మా ఇది?"

"ఇప్పుడు ఏది కావాలన్నా క్షణంలో దొరుకుతుంది బాబాయ్."

"దొరుకుద్ది" అన్నారాయన, డబ్బాలో చెయ్యిపెట్టి కదుపుతూ. "ఎవురిదో మాత్రం తెలవదు."

ఆయన తిరిగొచ్చిన తొమ్మిదో రోజున గురజాల నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కొడుకు కొన్న కొత్త సెట్టులో ఆమెకు స్టేషన్ దొరకడం లేదు, అంకెలు రావు. పాతదాని అద్దం మీద తిలకంతో పెట్టిన బొట్టు ఉందట, ముల్లు అక్కడికి తిప్పితే చాలట. "చెడిపోయిందైనా సరే, నా పెట్టె నాకియ్యి. నువ్వే బాగుజెయ్యి. ఎప్పుడడిగినా ఇస్తావని రాసిచ్చినావంట గదా!" అంది. రాసింది నేను, మాట బాబాయిది. మాట తప్పితే ఆ ఊళ్లో ఇంకెవరూ ఇవ్వరని మా ఇద్దరికీ తెలుసు.

బొట్టున్న అద్దం దొరికింది. మిగతావన్నీ డబ్బాల్లోంచి ఏరి, మధ్యాహ్నం రెండున్నరకల్లా బాబాయి రేడియో కట్టారు. పాట ఖంగుమంటూ వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పెద్దావిడ ముల్లును మెల్లగా బొట్టు దగ్గరికి తిప్పింది. అక్కడ ఉత్త గర్‌ర్‌ మోత. లోపలి గ్యాంగు వేరే సెట్టుది. స్టేషన్ బొట్టుకు బొటనవేలి వెడల్పు అవతల పలుకుతోంది.

"ఇది నాది గాదయ్యా."

"బొట్టు ఇటు జరిపి పెడతానమ్మా, ఇంతే గదా" అన్నారు బాబాయి.

"ఏందయ్యా జరిపేది? అది పెట్టింది మా చెల్లెలు. అదిప్పుడు లేదు."

తిట్టలేదు. మంచినీళ్లు తాగి, రేడియోని బల్ల మీదే వదిలి బస్సుకి వెళ్లిపోయింది. ఆమె లేస్తుండగా, నేనే చేశానని చెప్పడానికి నోరు తెరిచేలోపు, బాబాయి చెయ్యెత్తి నన్ను వారించారు.

మొన్నటి మునిసిపాలిటీ వాళ్ల బండి వెనక డబ్బాలు నీట్‌గా ఉన్నాయి. ఏ రకానికి ఆ రకం. నేనూ ఒక పాత ఫోను ఇచ్చాను. ఇది ఎవరిదో రాసుకుంటారా అని అడిగితే, బండి దగ్గరున్న అమ్మాయి నావైపు వింతగా చూసింది.

పోయినవి ఇవి: చీటీలు, అరవై మూడు. గురజాల, ఆ కబురు విన్న మాచర్ల, రెండు ఊళ్లు. ఒక చెల్లెలు పెట్టిన బొట్టు చోటు. ఇన్నేళ్లలో ఈ లిస్టులోంచి నేను కొట్టేయగలిగింది ఒక్కటీ లేదు.