వాలిన చక్రం

గన్నవరం నుంచి విజయవాడ వస్తుంటే బస్సులో నా పక్కన ఒక మెకానిక్ కూర్చున్నాడు. పాత కారు ఛాసిస్ మీద రేసు కారు తయారుచేశాడట, గుండ్రటి మట్టి ట్రాకు కోసం.

"మలుపులో ముందు చక్రం ఇలా బయటికి వాలేదండీ," అని అరచెయ్యి వంచి చూపించాడు. "చక్రాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే పై ఆర్మ్ బిగించే చోటు కోసి, కిందికి దించి వెల్డింగ్ చెయ్యాలి. రేసయ్యాక చూద్దాంలే అన్నాడు ఓనరు. సరేనన్నాను."

"తర్వాత?"

"నడిపింది మా తమ్ముడండీ. కారు పల్టీ కొట్టింది, వాడు దక్కలేదు. చక్రం సంగతి వాడికి చెప్పలేదు నేను. చెబితే ఎక్కేవాడు కాదు."

పటమటలో దిగబోతూ, "మీరేం చేస్తారండీ?" అని అడిగాడు.

"ఆఫీసులో గుమాస్తానండీ," అన్నాను.

నిజానికి రవాణా శాఖలో బళ్లు పరీక్షించి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టేది నేనే. చూడకుండా పెట్టినవీ ఉన్నాయి.