నాలుగు నెలల ఇటాలియన్

ఏ విదేశీ భాష తేలికగా వస్తుందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు కాస్త ఒళ్లు మండుతుంది. ఆ ప్రశ్నకు దొరికిన జవాబును నమ్ముకుని నలభై ఆరేళ్ల వయసులో నేను వెలగబెట్టిన చదువు అలాంటిది.

మాది సంగారెడ్డి. పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ ఆపరేటర్‌ని. గోలీలను ప్లాస్టిక్ షీటులోని గుంటల్లో నింపి, పైన రేకు అతికించే మెషిన్ మాది. ఒకే హాల్లో ఇరవై రెండేళ్లు దాని పక్కనే నిలబడ్డాను. అది ముసలిదైపోయిందని, ఇటలీ నుంచి కొత్తది వస్తోందని ఒకరోజు మేనేజరు చెప్పాడు. బిగించడానికి అక్కడి ఇంజనీరే వస్తాడట, ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రమేనట. మా నలుగురు ఆపరేటర్లలో ఆయన దగ్గర పని బాగా నేర్చుకున్న ఒక్కరికి కొత్త మెషిన్, మిగతా ముగ్గురూ జిన్నారం ప్లాంటుకి. జిన్నారం అంటే నాకు రెండు బస్సులు మారడం, మళ్లీ మూడు షిఫ్టులు తిరగడం. నిజం చెప్పాలంటే భయం వేసింది. పోటీలో ఉన్నవాళ్లలో డిప్లొమా చదివిన అమ్మాయి ఒకతె ఉంది, ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది. నాది ఇంటరు, అదీ సప్లిమెంటరీలో.

మా బిడ్డ ఫోనులో తేలికైన విదేశీ భాషల జాబితా తీసింది. స్పానిష్, డచ్, నార్వేజియన్, ఇటాలియన్. నాలుగో పేరు వినగానే ప్రాణం లేచొచ్చింది.

"గిది మనదే బిడ్డా," అన్నాను. "బడిల మా తెలుగు సారు చెప్పిండు, తెలుగంటేనే తూర్పు ఇటాలియన్ అని. చుట్టాల భాష. ఎంతసేపు నేర్సుకుంట?"

"డాడీ, గా లిస్టు ఇంగ్లీషు మంచిగొచ్చినోళ్ల కోసం రాసిండ్రు," అంది.

నేను వింటేగా. చుట్టరికం కలుపుకున్నవాడికి ఇంకేం చెప్పినా చెవికెక్కదు.

నాలుగు నెలలు కంపెనీ బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గొణుక్కున్నాను. పక్క సీటు ఆయన నేనేదో మంత్రం జపిస్తున్నాననుకుని చెప్పులు కాస్త దూరంగా జరిపేవాడు. అంకెలు వచ్చాయి, వారాలు వచ్చాయి, "మీ ఇల్లు చాలా అందంగా ఉంది" వచ్చింది. టమాటాను పొమొదోరో అంటారని మా ఆవిడకు చెప్పాను. మరి పచ్చిపులుసును ఏమంటారని అడిగింది. వెతికాను, దొరకలేదు. "గా దేశం గంతే," అని తేల్చేసి, "బువ్వ తినేటప్పుడన్న జెర తెలుగుల తిను," అంది.

ఇక్కడ ఇంకొకాయన గురించి చెప్పాలి. మా మెషిన్‌కి రేకు చుట్టలు ఎక్కించే ఒడిశా మనిషి. పదకొండేళ్ల కిందట వచ్చాడు. వచ్చిన వారంలో ఆయన నేర్చుకున్న తెలుగు ఒక్కటే ముక్క: "సమజ్ గాలే అన్నా, మళ్ల చెప్పు." ఏ పని చెప్పినా ముందు ఆ మాటే. ఇప్పటికీ అదే అలవాటు. నాకు చిర్రెత్తుకొచ్చేది. "చెవులల్ల ఏం పెట్టుకున్నవ్?" అని ఎన్నిసార్లు కసిరానో లెక్కలేదు.

ఇంజనీరు వచ్చాడు. అరవై దాటిన మనిషి, కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే. అందరికంటే ముందుకెళ్లి ఇటాలియన్‌లో నమస్కారం పెట్టి, కలవడం సంతోషమని కూడా అన్నాను. పాపం, మొహం వెలిగిపోయి నా రెండు చేతులూ పట్టుకుని ధారగా మొదలుపెట్టాడు. ఇటాలియన్‌లో పలకరిస్తే జవాబూ ఇటాలియన్‌లోనే వస్తుందన్న సంగతి నేను ఆలోచించలేదు. ఒక్క ముక్క అర్థం కాలేదు. తల ఊపాను. మా ఇళ్లలో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే తల ఊపడం మర్యాద. అర్థం కాకపోయినా ఊపుతాం, వింటున్నామని. ఆయన దేశంలో తల ఊపితే ఒప్పుకున్నట్టు. డిప్లొమా అమ్మాయి నావైపు గౌరవంగా చూసింది. ఆ చూపు కోసం ఇంకో నాలుగుసార్లు ఊపాను.

మూడో రోజు మెషిన్ వేడెక్కించారు. ఇంజనీరు వెనకాల పైపు చూపించి ఏదో అడిగాడు. అలవాటుగా తల ఊపాను. ఆయన బటన్ నొక్కాడు. కాసేపటికి ప్లాస్టిక్ షీటు కరిగి, పెనానికి అంటిన అట్టులా మెషిన్‌లోని వేడి పలకకి అతుక్కుపోయింది. చల్లనీళ్ల వాల్వు తిప్పావా అని ఆయన అడిగాడట. ఆయన స్టూలు మీద కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నాడు. మేనేజరు నావైపు చూసిన చూపులో నాకు జిన్నారం బస్సు కనిపించింది.

అతుక్కున్నది గీకడానికి ఒక పూట పట్టింది. ఒడిశా ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పలక మీద గీత పడకుండా ఇత్తడి బద్ద ఎలా పట్టుకోవాలో చెప్పాను.

"సమజ్ గాలే అన్నా, మళ్ల చెప్పు."

కసరబోయి నోరు మూసుకున్నాను. ఈ మనిషి ఆ ఒక్క ముక్కతో పదకొండేళ్లు పని చేశాడు, ఒక్క చుట్ట కూడా పాడుచేయలేదు. నేను నాలుగు నెలల చదువుతో మూడు రోజుల్లో మెషిన్ ప్రాణం మీదికి తెచ్చాను. నాకు సిగ్గేసింది. మెల్లగా మళ్లీ చెప్పాను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఫోను తీసి చూశాను. 'నోన్ ఒ కపీతో', నాకు అర్థం కాలేదు. రెండో పాఠంలోనే ఉంది. నాకు అవసరం పడదని అప్పుడు దాటేశాను.

తిండి కాగానే వెళ్లి ఇంజనీరుతో అదే అన్నాను. ఆయన నుదుటి మీది కళ్లజోడు కిందికి దించి, అట్టముక్క మీద బొమ్మ గీసి, నెమ్మదిగా మళ్లీ చెప్పాడు. మళ్లీ అన్నాను, మళ్లీ చెప్పాడు. రెండు వారాలు అదే పని. డిప్లొమా అమ్మాయికి నా మీదున్న గౌరవం ఆ పూటే పోయింది, అయినా పని మాత్రం వచ్చింది.

చివరి రోజు మెషిన్ ఎవరికివ్వాలని మేనేజరు అడిగితే, ఇంజనీరు నా భుజం మీద చెయ్యి వేసి ఏదో పొడుగ్గా చెప్పాడు.

"ఏమంటుండు?" అన్నాడు మేనేజరు.

"నాకు గూడ సమజ్ గాలే సార్."

చెయ్యి మాత్రం అందరికీ సమజ్ అయింది. మెషిన్ నాకే వచ్చింది.

ఆ సాయంత్రం గేటు బయట ఛాయ్ దగ్గర ఒడిశా ఆయన్ని అడిగాను, 'సమజ్ గాలే'ను మీ భాషలో ఏమంటారని. గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. పదకొండేళ్లలో ఆయన భాష గురించి నేను అడిగిన మొదటి ప్రశ్న అది.

"ము బుఝిలి నాహి," అన్నాడు.

నాకు నోరు తిరగలేదు. మళ్లీ చెప్పమన్నాను. చెప్పాడు. ఇంకోసారి అన్నాను. గ్లాసు బల్ల మీద పెట్టి, ఒక్కో ముక్కా విడదీసి, నవ్వుతూ చెప్పాడు. నా చెవుల్లో ఏం పెట్టుకున్నానని ఒక్కసారి కూడా అడగలేదు.