నీళ్ళు దాటిన చారల పిల్లి

నెల్లూరు నుంచి సముద్రం వైపు పోవాలనుకునేవాళ్ళు ఇప్పుడు కారెక్కితే గంటలో ఇసుకలో దిగుతున్నారు. అరవైల మొదట్లో నేను పోయినప్పుడు బస్సు, నడక, పడవ అన్నీ కావలసి వచ్చాయి. పోయింది సముద్రం చూడ్డానికి కాదు, ఒక పిల్లి కోసం. మా మేనత్త సువార్తమ్మ కాలువ అవతలి పల్లెలో చేపలకు ఉప్పు పట్టించి, ఎండబెట్టి అమ్మేది. ఆమె కొట్టు చుట్టూ ఒక చారల పిల్లి తిరుగుతుండేది. ఎవరి చేతికీ చిక్కని రకం. ఎండుచేపలు ఎత్తుకుపోతోందని పక్క కొట్టువాళ్ళు కర్రలు దగ్గర పెట్టుకున్నారు. తోటపల్లి గూడూరులో బియ్యం మిల్లు నడిపే రామిరెడ్డి గారికేమో ఎలుకల బాధ. పిల్లిని ప్రాణాలతో తెచ్చిస్తే మిల్లులో పెట్టుకుంటానని ఆయన అత్తకు మాటిచ్చారు. చేర్చే పని నాకు పడింది.

వానలు వెనకబట్టి, క్రిస్మస్ దగ్గర పడుతున్న రోజులు. నెల్లూరులో తొలి బస్సెక్కి తోటపల్లి గూడూరులో దిగాను. అక్కణ్ణుంచి చేలగట్ల మీద నడిచి కాలువ చేరేసరికి ఎండెక్కింది. పడవ దాటి అత్త ఇంటికి పోతే, పిల్లి అప్పటికే బోనులో ఉంది. నెత్తళ్ళనే చిన్నచేపలు ఎర వేస్తే ముందురాత్రే పడిందట. నన్ను చూసి ఉమ్మినట్టు బుస్సుమంది. నేను ఒక్క గెంతు వెనక్కి గెంతాను, అత్త నవ్వింది.

"చెయ్యి మాత్రం లోపలికి పెట్టబాక అబ్బయ్యా. దానికి భయం, అంతే. పైన ఏమన్నా కప్పినామంటే గమ్మునుంటది" అంది.

ఆ పల్లెలో పిల్లిని చంపరు. వద్దనుకుంటే నీళ్ళు దాటించి వదుల్తారు. దాటేటప్పుడు దారి చూస్తే తిరిగొస్తుందని బోను మీద గోతం కప్పుతారు. అత్త కొట్టులోకి పోయి దొంతరలో అడుగు నుంచి ఒక కొత్త గోతం లాగింది. చిల్లుల్లేనిది, దళసరిది, ఉన్నవాటిలోకెల్లా మంచిది. గుంజకేసి నాలుగు దెబ్బలు కొడితే తెల్లటి దుమ్ము లేచింది. దాన్ని బోను చుట్టూ పసిబిడ్డకు చుట్టినట్టు చుట్టింది. కొబ్బరి చిప్పలో నీళ్ళు పోసి పుల్లతో లోపలికి నెట్టింది. "కదిలే ముందు తిండి పెట్టబాక, కక్కుద్ది. మిల్లుకాడ నాలుగు దినాలు బోన్లోనే పెట్టి మేపమను, ఆడ అలవాటు పడుద్ది. ప్రాణంతో చేర్చు, అంతే నేనడిగేది" అంది. గోతం అంచు ఎత్తి ఇంకోసారి లోపలికి చూసి, గోడవారన మిగిలిన చేపతలలు ఊడ్చేసింది. దానికోసం రోజూ వాటిని విడిగా తీసి పెట్టేది ఆమేనని నాకు అప్పుడు అర్థమైంది.

పడవలో బోనుకు కూడా అణా అడిగాడు పడవవాడు.

"పిల్లి మనిషి కాదు గదన్నా!" అన్నాను.

"కూచున్న చోటు మనిషిదే గదబ్బయ్యా" అన్నాడు. ఇచ్చాను.

అవతలి గట్టున గడ్డి బండి దొరికితే బోనును నీడపక్కన పెట్టుకుని కూర్చున్నాను. చక్రం గుంతలో పడ్డప్పుడల్లా లోపల కదలిక. కాసేపటికి గోతం కింద నాకుతున్న చప్పుడు వినిపించింది. ఒళ్ళు శుభ్రం చేసుకుంటోంది, కుదురుకుందిలే అనుకుని సంతోషపడ్డాను. ఆ చప్పుడు మిల్లు దాకా వస్తూనే ఉంది.

మిల్లు వసారాలో గోతం తీశాం. పిల్లి పక్కకు ఒరిగిపోయి ఉంది. కాళ్ళు వణుకుతున్నాయి, నోటి వెంట నురగ. మీసాల మీదా చారల మీదా తెల్లటి పొడి. రామిరెడ్డి గారు గోతం ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించారు.

"ఎండుచేపలకు పురుగు పట్టకుండా చల్లే మందు గదా ఇది! యాడిదీ గోతం?"

చెప్పాను. దారంతా అది నాకింది ఆ పొడినే. ఆయన తడిగుడ్డను కర్రకు చుట్టి పొడి తుడవబోయారు. పిల్లికి తల తిప్పే ఓపిక కూడా లేదు. అప్పుడు మొదటిసారి దాన్ని చేత్తో ముట్టుకున్నాను. బుస్సుమంటే ఎంత బాగుండేదో. పొద్దు వాలకముందే పోయింది. మిల్లు వెనక తుమ్మచెట్టు కింద పూడ్చాం.

చివరి పడవకు ఖాళీ బోనుతో దాటాను. అత్త గట్టున నిలబడి ఉంది.

"నీళ్ళు తాగినాదా?" అంది.

అబద్ధం చెబుదామనుకున్నాను, కానీ జరిగింది జరిగినట్టే చెప్పాను. అంతా విని నా చంకలోని గోతం తీసుకుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిదే ఏరి ఇచ్చినాను గదరా" అంది. కాలువలోకి దిగి దాన్ని ఉతకడం మొదలుపెట్టింది. చీకటి పడిందత్తా, రా అని నేను ఎన్నిసార్లు పిలిచినా ఉతుకుతూనే ఉంది.

అప్పట్లో ఆ పొడి పురుగులను తప్ప ఇంకేమీ చెయ్యదని అందరం నమ్మేవాళ్ళం. కర్రలతో తిరిగినవాళ్ళ చేతుల్లో కాదు, దాని మీద ప్రేమ ఉన్న ఒకే ఒక్క మనిషి కప్పిన గోతం కింద ఆ పిల్లి చచ్చిపోయింది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. తర్వాత అత్త ఏ పిల్లికీ చేపతల వెయ్యలేదు. వేస్తే దగ్గరికొస్తాయి, వద్దులే అనేది.

మీలో ఎవరైనా వీధిపిల్లిని బోనులో పెట్టి ఎక్కడికైనా తీసుకుపోతుంటే, నీడ, నీళ్ళు, పైన కప్పు మరవకండి. ఆ కప్పేది కొట్టులోనో, గోడౌన్‌లోనో దొరికింది కాకుండా, రాత్రి మీరు కప్పుకుని పడుకున్న దుప్పటే అయ్యుండాలి.