తింటూనే ఎండిపోయిన కుక్కలు

మా అమ్మ తమ్ముడికి కొల్లాపూర్ దగ్గర మామిడితోట ఉండేది. కావలికి ఆల్సేషియన్ కుక్కల్ని పెంచేవాడు. పిల్లలు పుడితే అమ్మేవాడు కాదు, అడ్డెడు జొన్నలు తీసుకుని ఇచ్చేవాడు. తీసుకున్నవాళ్లను ఆ రోజు నుంచి వియ్యంకులని పిలిచేవాడు. ఈడొచ్చిన కుక్కకు జోడీ కావాలంటే మళ్లీ ఆ వియ్యంకుల ఇళ్లలోనే వెతికేవాడు. వంశం చెడకూడదట! కొల్లాపూర్ సంస్థానం రాజులు కూడా అంత పట్టింపుగా ఉండి ఉండరు.

నేను వనపర్తిలో డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఆయన మగకుక్క చిక్కిపోసాగింది. తిండికి లోటు లేదు. గిన్నె నాకేసి, బర్రెల కుడితి తాగి, చివరికి తన పెంట తానే తినేది. అయినా పక్కటెముకలు బయటపడ్డాయి. దిష్టి తగిలిందని అమ్మమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. అంతకుముందు దాని అన్న కూడా ఇలాగే పోయింది. ఆ మాట మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మామ దాన్ని వనపర్తి పశువుల దవాఖానకు తెస్తే నేనూ వెళ్లాను. డాక్టర్ కుక్క గురించి కంటే దాని తల్లిదండ్రుల గురించే ఎక్కువ అడిగాడు. ఆ ఇద్దరూ ఒకే ముసలి కుక్క సంతానమని తెలిశాక కుక్క పొట్ట తడిమి చూశాడు.

"కడుపుల క్లోమం ఎండిపోయింది. తిన్నది అరిగించే రసమే ఊరుతలేదు. అందుకే ఎంత తిన్నా ఆకలే," అన్నాడు. "ఇది వంశంల వస్తది. తల్లి మంచిగనే ఉంటది, తండ్రి మంచిగనే ఉంటడు. ఇద్దరి నుంచి అందితే పిల్లకు బయటపడుతదని అనుకుంటున్నరు. ఇంకా పూర్తిగ తేలలే. నువ్వైతే చుట్టరికం లేని కుక్కను తెచ్చుకో."

మేక పచ్చి క్లోమం నూరి తిండిలో కలపమన్నాడు. మామ కలిపాడు కూడా. వానలు పడకముందే కుక్క చచ్చిపోయింది. దాని చెల్లెలు ఒక్కటే మిగిలింది. మామకు అదంటే ప్రాణం. దాని కడుపున పుట్టినవైనా బతకాలని, ఆయన జీవితంలో మొదటిసారి కొత్త జోడీ కోసం బయలుదేరాడు. కృష్ణ దాటితే మన చుట్టరికాలు ఉండవని గద్వాల దాకా వెళ్లాం.

అక్కడొక రైతు ఇంటి ముందు మంచి మగకుక్క కనిపించింది. నిగనిగలాడే ఒళ్లు, నిక్కిన చెవులు. బేరం లేకుండానే మాట కుదిరింది. మా తోట ఏదో విన్నాక ఆ రైతు మురిపెంగా అన్నాడు: "గిది మీ కొల్లాపూర్ దిక్కుదే అన్నా. మామిడికాయలు కొనే ఆసామి మీ తోట నుంచి తెచ్చిన కుక్కకే పుట్టింది."

మామ ముఖం వెలిగిపోయింది.

"సూసినవా బిడ్డా, మన రక్తమే ఎదురొచ్చింది!"

"డాక్టర్ గదే వద్దన్నడు కద మామా!"

"మనుషులల్ల మేనరికాలు చేసుకుంటలేమా? నీ అమ్మమ్మ, తాత ఎవరనుకున్నవ్? గింత నిగనిగలాడే కుక్కకు రోగమేంది?"

నాకు ఒళ్లు మండింది. పైకి మంచిగానే ఉంటుందని డాక్టర్ చెప్పింది చెవికెక్కలేదా అని అరిచాను. ఆయన వినకుండా ఆ కుక్కతోనే జత కట్టించాడు.

పిల్లలు పుట్టాయి. బొద్దుగా, ముద్దుగా ఉన్నాయి. నా భయం వట్టిదేమోనని నాకే అనిపించింది. మామ ఒక ఆడపిల్లను ఉంచుకుని మిగతావాటిని జొన్నలకు ఇచ్చేశాడు.

తర్వాతి సెలవుల్లో వెళ్లేసరికి ఆ పిల్ల ఎత్తు పెరిగింది. గిన్నె ఖాళీ చేసి మళ్లీ వచ్చి నిలబడింది. మామ మళ్లీ పెట్టాడు. మళ్లీ ఖాళీ చేసింది. మెడ నుంచి తోక దాకా వెన్నుపూసలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఆయన నా వైపు చూడలేదు.

"మిగిలినవి ఎట్లున్నయ్ మామా?"

"మస్తుగ తింటున్నయంట. మంచి కావలి కుక్కలైతయని అందరు సంబురపడుతున్నరు." గిన్నె మళ్లీ నింపుతూ, "అయిజ వియ్యంకుడు, పెబ్బేరు వియ్యంకుడు వాళ్ల రెంటిని జత కట్టిస్తరంట," అన్నాడు.

"వద్దని చెప్పలేదా?"

"మా వంశంల రోగమున్నదని నా నోటితోటి ఎట్ల చెప్పాలె బిడ్డా?"